ఐలి మంచు పార

ఆ పార కాదే సైమీ, అది అక్కడ పెట్టెయ్. పక్కన ఎర్ర ప్లాస్టిక్‌ది ఉంది చూడు, అది తీసుకో. నీలం పిడిది వద్దన్నానా! ఎవరిదా? నాది కాదులే. సరే, ముందు లోపలికి రా, తలుపు వేసెయ్, వెచ్చదనమంతా బయటికి పోతోంది. మంచు ఎక్కడికీ పోదు, ఇంకా పడుతూనే ఉంది, ఇప్పుడు ఎత్తినా గంటకి మళ్ళీ అంతే. కూర్చో. కాఫీ పోస్తాను. యాలకుల రొట్టె నిన్నటిది, కాఫీలో ముంచుకుంటే బాగానే ఉంటుంది. మీ అమ్మమ్మ, అదే మా చెల్లెలు, తాజా రొట్టె పెడితే పక్కకి నెట్టి ఎండిన ముక్కే తినేది, అదేం రుచో. ఏమంటున్నాను? ఆఁ, పార. అది ఐలిది. ఐలి రాంటా. ఇదిగో ఈ వంటింటి కిటికీలోంచి కనిపిస్తోందే, ఇప్పుడు ఆకుపచ్చ రంగు పూసి పాడుచేశారు, ఆ ఇల్లే వాళ్ళది. మీ అమ్మ కూడా పుట్టకముందు మాట. ఐలి మొగుడు అర్వో. వాడి పేరు నువ్వు చదివే ఉంటావు. చర్చి మెట్ల పక్కన బెంచీ వేశారు కదా, ఇత్తడి రేకు మీద 'గుండెజబ్బుతో ధైర్యంగా పోరాడిన అర్వో రాంటా' అని. ధైర్యంగానట! ఆ బెంచీ మీద నేను ఇంతవరకూ కూర్చోలేదు. మోకాళ్ళు పీక్కుపోయినా సరే, మెట్ల మీదే కూలబడతాను.

మా ఊళ్ళో మగాళ్ళు ఎలా పోయేవాళ్ళో నీకు తెలుసుగా. గనిలో పైకప్పు కూలి పోయేవాళ్ళు, లేకపోతే ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకుని దగ్గి దగ్గి పోయేవాళ్ళు, మా ఆయన రెయినో పోయినట్టు. గుండెపోటన్నది మాకు కొత్త. అది పెద్దపెద్దవాళ్ళకి, తలకాయతో పనిచేసేవాళ్ళకి వస్తుందని పేపర్లలో రాసేవాళ్ళు. ఆ రోజుల్లో సాక్షాత్తూ ప్రెసిడెంటుకే వచ్చింది. పొద్దున్న రేడియో పెడితే ఆయన ఎంతసేపు పడుకున్నాడు, ఏం తిన్నాడు, ఇదే గోల. ఆ మరుసటేడే అర్వోకి వచ్చింది. గని కంపెనీ ఆఫీసులో గుమాస్తా వాడు. మెడకి టై, మోచేతుల కింద బల్ల. ఒకరోజు ఛాతీ పట్టుకుని ఆ బల్ల మీదే ఒరిగిపోయాడు. నిజంగానే వచ్చిందిలే, నేను కాదనను. డాక్టర్ విట్లాక్ కాగితం మీద గీతలు చూపించి మరీ చెప్పాడు. నెలపైనే మంచం మీద ఉన్నాడు. అందులో తప్పు పట్టడానికేం లేదు. లేచాక చూడాలి వాడి వాలకం! ప్రెసిడెంటూ తనూ ఒకే బడిలో చదువుకున్నట్టు. 'మాలాంటివాళ్ళకి బాధ్యతలెక్కువ రెయినో. బుర్ర మీద బరువు పడితే అదంతా గుండె మీదకి దిగుతుంది' అన్నాడు మా ఆయనతో. మా ఆయన అప్పుడే గనిలోంచి పైకొచ్చి, మొహం కూడా కడుక్కోలేదు. టోపీ తీసి తల ఒకసారి తడుముకున్నాడు, బరువేమైనా ఉందేమోనని. నాకు నవ్వాగక పొయ్యి దగ్గరికి పారిపోయాను.

అప్పట్నుంచీ ఆ ఇంట్లో ఇద్దరు కాదే, ముగ్గురు. అర్వో, ఐలి, అర్వో గుండె. ఆ మూడోదాని నిద్ర చెడకూడదు, దానికి కోపం రాకూడదు, అది మెట్లెక్కకూడదు. మంచం మేడ మీంచి ముందుగదిలోకి దించారు. దించారంటే ఐలీ నేనూ దించాం, వాడు కుర్చీలో కూర్చుని 'గోడకి తగలనివ్వకండి, రంగు పోతుంది' అంటూంటే. ఐలేమో వంటింట్లో పొయ్యి పక్కన మడతమంచం వేసుకుని పడుకునేది, వాడి ఊపిరి వినబడాలని. ఇంక ఆ మాత్రల సీసా! నా బొటనవేలంత ఉండేది, గోధుమరంగుది. నొప్పొస్తే నాలిక కింద ఒకటి పెట్టుకోమని డాక్టరిచ్చాడు. వాడు నాలిక కింద పెట్టుకోగా నేను చూసింది బహుతక్కువ. బల్ల మీద పెట్టడం మాత్రం రోజూ చూశాను. తనకి నచ్చని మాట వచ్చిందంటే చాలు, చొక్కా జేబులోంచి సీసా తీసి టక్కుమని బల్ల మీద పెట్టేవాడు. 'అక్కని చూసి చాలా రోజులైంది, రెండ్రోజులు వెళ్ళొస్తాను' అంటుంది ఐలి. టక్. 'పోనీలే, ఎండాకాలం వెళ్తాను' అంటుంది. పేకాటలో ఓడిపోతున్నాడు. టక్. మా రెయినో చేతిలో మంచి ముక్కలు పెట్టుకుని ఆట వదిలేసేవాడు. చర్చిలో కుర్చీలు సర్దడానికి నలుగురు రావాలని పాస్టరుగారు అడిగారనుకో, అక్కడా టక్కే! తల్లీ, తుపాకీ పెట్టినా మనుషులు అంత హడలిపోరు.

ఐలి ఎలా ఉండేదనా? పొడుగ్గా, నాకంటే జానెడు ఎత్తు, పెద్ద చేతులు. ఈల వేసేది. ఆడపిల్ల ఈల వెయ్యడమేమిటని వాళ్ళ నాన్న మొట్టికాయలు వేసినా మానలేదట. బట్టలారేస్తూ, దుంపల చెక్కు తీస్తూ, పాటకి పాటంతా ఈలే, ఎక్కడా శ్రుతి తప్పేది కాదు. నేను ఈ కిటికీ తెరిచి పెట్టుకుని వంట చేసుకునేదాన్ని. రేడియో దేనికి! వాడికి జబ్బు చేశాక ఇంట్లో ఈల బంద్. 'ఆ చప్పుడు నేరుగా ఇక్కడ గుచ్చుకుంటోంది' అని ఛాతీ చూపించాడట. అంచేత బయట వేసుకునేది, మంచు ఎత్తేటప్పుడు. మనిషి ఈల వేసుకోవాలంటే మంచు పడాలన్నమాట! అప్పట్లో మంచు ఎత్తడం మగాళ్ళ పని. వీధంతా మగాళ్ళే పారలతో దిగేవాళ్ళు, వాళ్ళ మధ్య ఐలి ఒక్కతే, మొగుడి పాత కోటు వేసుకుని, అదిగో ఆ పారతో. మంచులో ఎక్కడ పెట్టిందీ కనబడాలని పిడికి నీలం రంగు తనే వేసుకుంది. మా రెయినో సాయం పట్టబోతే 'వద్దు రెయినో, నన్ను కాసేపు బయట ఉండనీ' అనేది. ఆ మాట ఆయన నాకు చెప్పి, రాత్రి భోజనం సరిగ్గా చెయ్యలేదు.

మంచు ఎత్తితే అర్వో గుండె ఆగిపోతుందట. శనివారం సౌనా గదిలో వేడి రాళ్ళ ఆవిరికి ఎర్రగా ఉడికేదాకా కూర్చుంటే మాత్రం ఏమీ కాదట! డాక్టరు వద్దన్నాడు. 'మా తాతలనాటి అలవాటు, అది మందులాంటిది డాక్టరుగారూ' అన్నాడు. మందే మరి. ఆ మందుకి కట్టెలు కొట్టేదెవరు, నీళ్ళు మోసేదెవరు, రాళ్ళు కాగేదాకా పొయ్యి ముందు కూర్చునేదెవరు? తిండి సంగతి చెప్తే నమ్మవు. ఐలి వాడి కోసం ఉప్పులేకుండా చేప ఉడికించి, వాడొక్కడూ తినలేడని తనూ అదే తినేది. వాడు ఆ చప్పిడి కూడు బుద్ధిమంతుడిలా తిని, గాలికి తిరిగొస్తానని బయల్దేరి, తిన్నగా మా ఇంటికొచ్చేవాడు. 'హిల్మా, పంది మాంసం వేయిస్తున్నట్టున్నావే, వాసనొస్తోంది.' నేను పెట్టలేదులే. పెడితే చస్తాడని కాదు, వాడికి పెట్టడం ఇష్టంలేక.

ఒకసారి చర్చి నేలమాళిగలో ఆడవాళ్ళందరికీ తరగతి పెట్టారు. 'మీ వారి గుండె మీ చేతుల్లో' అని గోడకి కాగితం అంటించారు. డాక్టర్ విట్లాకే వచ్చి చెప్పాడు. నవ్వు మొహంతో ఎదురెళ్ళాలి, భోజనాల దగ్గర గొడవలు ఎత్తకూడదు, వెన్న తగ్గించాలి, పిల్లల్ని అరవనివ్వకూడదు, ఆయన అలిసిపోయే పని మీరే అందుకోవాలి. అందరూ బుద్ధిగా తలలూపుతున్నారు. ఐలి వెనక వరసలోంచి లేచింది. 'డాక్టరుగారూ, ఈ జబ్బు ఆడవాళ్ళకి రాదా?' అంది. ఆయన నవ్వాడు. మంచి పళ్ళు ఆయనవి. 'ఆడవాళ్ళ గుండె పగులుతుంది గానీ ఆగదమ్మా' అన్నాడు. గదంతా ఒకటే నవ్వు. కాఫీ కప్పులు కూడా గలగలలాడాయి. ఐలి కూడా నవ్వి కూర్చుంది. తను ఊరికే అడగలేదే. అంతకు వారం ముందు ఇక్కడే, నువ్వు కూర్చున్నచోటే కూర్చుని, 'పార పట్టుకుంటే ఈ ఎడమచెయ్యి బరువెక్కుతోంది హిల్మా, ఇదిగో, దవడ దాకా లాగుతోంది. కాసేపు ఆగితే పోతుంది' అంది. వెళ్ళి చూపించుకోమని పోరాను. వెళ్ళింది కూడా. వెళ్తే ఏమైంది! ఆయన సగంసేపు అర్వో ఎలా ఉన్నాడు, అర్వో నిద్రపోతున్నాడా అని అడిగాడట. తరవాత 'మీ వయసుకి ఇవన్నీ మామూలేనమ్మా, నరాల బలహీనత. మీరు కంగారుపడితే ఆయన కంగారుపడతాడు' అని ఏవో నరాల మాత్రలు రాసిచ్చాడు. ఛాతీ మీద గొట్టం కూడా ఆనించలేదు. అంత చదువు చదివి, ఒక చెయ్యి చాచి ఆ గొట్టం ఆనించడానికి ఏం రోగం?

కాఫీ తాగు, చల్లారిపోతుంది.

ఫిబ్రవరి అనుకుంటాను. రెండ్రోజులు ఆగకుండా పడింది మంచు. నీకు తెలుసుగా, మంచు బండి రోడ్డు ఊడ్చుకుంటూ పోతూ ప్రతి వాకిలి ముందూ ఒక గట్టు పోసిపోతుంది, గడ్డకట్టి రాయిలా ఉంటుంది అది. ఐలి ఆ గట్టు పగలగొడుతోంది. నేను ఇక్కడ పిండి పిసుకుతున్నాను. ఈల వినిపిస్తోంది. పిసుకుతూ పిసుకుతూ ఏదో తేడాగా అనిపించి తలెత్తాను. ఈల లేదు. పాట మధ్యలో ఆగిపోయింది. చూస్తే ఐలి ఆ గట్టు మీద కూర్చునుంది, ఒళ్ళో పార. నేను కేక వేశాను. రెయినో ఫోను తీసి 'రాంటా వాళ్ళింట్లో గుండెపోటు, త్వరగా రండి' అన్నాడు. నేను పిండి చేతులతో, ఇంట్లో వేసుకునే చెప్పులతో పరిగెత్తాను. అంత చలిలో చెమటలు కక్కుతోంది ఐలి, మొహం బూడిద రంగు. 'కాసేపు కూర్చోనీ హిల్మా. ఆయనకి చెప్పకు' అంది. ఈలోగా బండి వచ్చింది. అప్పట్లో మా ఊరికి అంబులెన్సంటే శవాల్ని మోసే ట్రెలోర్‌గారి నల్ల కారే. అందులోనే మంచం, అందులోనే పెట్టె. ట్రెలోరూ వాళ్ళబ్బాయీ స్ట్రెచర్ పట్టుకుని దిగారు. దిగి, ట్రెలోర్ ఏం చేశాడో తెలుసా? ఐలికి టోపీ తీశాడే! 'ధైర్యంగా ఉండండి రాంటాగారూ, మేమొచ్చాం కదా' అని, ఐలిని దాటుకుని ఇంటివైపు నడిచాడు.

నేను వెనకాలే అరుస్తున్నాను. 'అతను కాదయ్యా, ఈవిడకి! ఈవిడకి వచ్చింది!' అని. ట్రెలోర్ నావైపు జాలిగా చూసి, 'మొగుడికి అలా అయితే ఏ ఆడదానికైనా కాళ్ళూ చేతులూ ఆడవమ్మా. లోపలికి తీసుకెళ్ళి కాస్త తియ్యటి కాఫీ ఇవ్వండి' అన్నాడు. ఊరందరికీ తెలుసు కదా ఆ ఇంట్లో గుండె ఎవరికుందో! ఇంకొకరికి కూడా ఒకటుంటుందని ఏ వెధవకైనా తట్టాలా? ఐలేం చేసిందో చెప్పనా? లేచింది. ఆ గట్టు మీంచి లేచి, వెళ్ళి, స్ట్రెచర్ పట్టడానికి వీలుగా తలుపు తీసి పట్టుకుంది. అలవాటు. లోపల వాడు పేపరు చదువుకుంటున్నాడు. వీళ్ళని చూడగానే మొహం పాలిపోయింది. 'ఏమైంది? నాకేమైనా అయిందా?' అన్నాడు. నవ్వకు! నిజంగా అలాగే అడిగాడు. 'మీకు గుండెపోటని ఫోనొచ్చింది' అన్నాడు ట్రెలోర్. వాడు ఛాతీ మీద చెయ్యేసుకుని ఒక్క క్షణం ఆలోచించాడు. 'అనుకున్నాను. పొద్దున్నుంచీ ఏదోలా ఉంది' అని, తనే వెళ్ళి స్ట్రెచర్ మీద పడుకున్నాడు.

నేను అడ్డం పడ్డాను. వాడి గుప్పిట్లో సీసా ఉంది. 'ఒక్కటివ్వు అర్వో. ఐలికి బాలేదు, ఒక్క మాత్రివ్వు' అన్నాను. వాడు గుప్పిట ఇంకా బిగించాడు. 'దారిలో నాకు కావలసొస్తే?' అన్నాడు.

సైమీ, నేను జీవితంలో చాలా మాటలు విన్నాను. బూతులు విన్నాను, శాపనార్థాలు విన్నాను. ఆ మాటంత నీచమైన మాట మళ్ళీ వినలేదు.

బండి వెళ్ళిపోయింది. ఊరికున్నది అదొక్కటే. రెయినో మా ట్రక్కు తియ్యబోతే మా వాకిలి ముందూ అదే గట్టు. ఆయన పాపం దగ్గుకుంటూ పగలగొడుతూనే ఉన్నాడు. నేను ఐలిని వంటింట్లో ఆ మడతమంచం మీద పడుకోబెట్టి, విట్లాక్ ఇంటికి ఫోన్ చేస్తే 'డాక్టరుగారు అర్వోని చూడ్డానికి ఆసుపత్రికి వెళ్ళారండీ' అంది వాళ్ళావిడ. తిరిగొచ్చి ఐలి చెయ్యి పట్టుకున్నాను. 'ఆయన చెప్పులు వేసుకోకుండా వెళ్ళిపోయారు హిల్మా' అంది. అంతే. ఇంకేం అనలేదు. రెయినో ట్రక్కు తీసుకొచ్చి హారన్ కొడుతుంటే నేను బయటికి వెళ్ళి, అక్కర్లేదని చెయ్యి ఊపాను.

వాడికేం, ఆసుపత్రిలో ఏమీ లేదని తేలింది. అయినా మంచిదని ఉంచేశారు. పెళ్ళాం పోయిన సంగతి చెప్తే వాడి గుండె తట్టుకోలేదని డాక్టరు ఊరంతటి నోరూ కుట్టేశాడు. ఐలికి జలుబు చేసిందని చెప్పారు. ఇక్కడ మేం పూడ్చిపెడుతున్నాం, అక్కడ వాడు 'ఇన్నాళ్ళైనా చూడ్డానికి రాదేం? నా చెప్పులు తెమ్మని కబురుపెట్టానే' అని నర్సుల మీద చిరాకుపడుతున్నాడు. పూడ్చేచోట విట్లాక్ కూడా నిలబడ్డాడు. 'అంత గట్టి మనిషి, ఇలా అవుతుందని ఎవరనుకుంటాం' అన్నాడు. నేను వినిపించేలాగే 'తనే అనుకుంది. మిమ్మల్ని అడిగింది కూడా' అన్నాను. ఆయన చేతి తొడుగులు సర్దుకున్నాడు. ఆఖరికి పాస్టరుగారు వెళ్ళి నెమ్మదిగా చెప్తే, వాడన్న మొదటి మాటేమిటో ఆయన మా రెయినోకి చెప్పారు. 'మరి నన్నెవరు చూసుకుంటారు?' అన్నాడట. ఊరేమందో తెలుసా? పాపం, గుండె మీద ఎంత దెబ్బ పడింది, అంది! ఆడవాళ్ళు వంతులేసుకుని క్యారియర్లు మోశారు. మోసి మోసి వాళ్ళలో సగంమంది పోయారు, వాడు తొంభై దాటాడు. నిద్రలో పోయాడు, హాయిగా. అప్పుడు వేశారు ఆ బెంచీ.

పార నా దగ్గరికెలా వచ్చిందా? వాకిట్లో మంచులో గుచ్చి ఉండిపోయింది. రెయినో తెచ్చి గ్యారేజీలో పెట్టాడు. మేం ముట్టుకోలేదు. రెయినో కూడా పోయాక, ఆ రెండో చలికాలమనుకుంటాను, ఒక మధ్యాహ్నం అర్వో వచ్చాడు. టోపీ, షేవింగు, చాక్లెట్ల పెట్టె. నేను దేనికొచ్చాడో అనుకున్నాను. ఇక్కడే కూర్చుని గొంతు సవరించుకుని, 'హిల్మా, నువ్వూ ఒక్కత్తివే, నేనూ ఒక్కణ్ణే. నా గుండె సంగతి మొదట్నుంచీ తెలిసినదానివి. కొత్తవాళ్ళకైతే మళ్ళీ మొదట్నుంచీ చెప్పుకోవాలి' అన్నాడు. పెళ్ళాడమనడం అదే మరి! జవాబు కోసం చూశాడు. చూసి, జేబులోంచి తీసి పెట్టాడు. టక్.

నేను లేచాను. గ్యారేజీలోకి వెళ్ళి ఆ నీలం పిడి పార తెచ్చి చేతికిచ్చాను. 'ముందు నా వాకిలి ఎత్తు అర్వో. ఆ తరవాత మాట్లాడదాం' అన్నాను. మొహం మాడ్చుకుని పోతాడనుకున్నాను. పోలేదు. నవ్వాడు! పార ఎవరిదో కూడా పోల్చుకోలేదు, కోటు గుండీలు పెట్టుకుని దిగాడు. నేను ఈ కిటికీలో నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో అడక్కు. వాకిలంతా ఎత్తాడు. మెట్లు ఎత్తాడు. మంచు బండి పోసిన ఆ గట్టు, అది కూడా పారతో పొడిచి పొడిచి పగలగొట్టి పక్కకి విసిరేశాడు. మధ్యలో ఒక్కసారి ఆగాడు, ముక్కు తుడుచుకోడానికి. బుగ్గలు ఎర్రగా చేసుకుని లోపలికొచ్చి, పాస్ అయిన పిల్లాడిలా, 'చూశావా హిల్మా! అంతా ఎత్తేశాను. నాకేమీ కాలేదు!' అన్నాడు.

సీసా ఈ బల్ల మీదే ఉందే. ఎక్కడ పెట్టాడో అక్కడే. వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళాలని కూడా గుర్తులేదు వాడికి.

ఏమీ కాలేదు. అంత గట్టు పగలగొట్టి...

ఇటివ్వు ఆ కప్పు. చల్లారిపోయింది, వేడి చేస్తాను. ఎర్రది తీసుకో, సైమీ. ఎర్రది.